బొంబాయిలో ఒక శనివారపు రాత్రి



నేడు ఒక రికార్డును గుఱించి మీతో ముచ్చటింపదలచితిని. రేడియోలో రికార్డులు వేయుదురు గాని వానిని గుఱించి ప్రసంగించుట యేల యని మీలో కొందఱు అనుకొనవచ్చును. కారణము కలదు. ఇది ఒక విద్వాంసుడు గదిలో తలుపులు మూసికొని పాడి యిచ్చిన రికార్డు కాదు. జనము నిండిన సభలో కచేరి జరుగుచుండగా పట్టుకొన్నది. ఇందులో ఇంగ్లండు దేశస్థుని గిటారు కలదు. బొంబాయి తబలా కలదు. కాశ్మీరపు సంతూరు కలదు. మదరాసు కంజీర కలదు. మన పాలకొల్లు మాండొలిను కలదు. తిరువయ్యారున నివసించిన త్యాగరాజస్వామివారి కృతియు ఒకటి కలదు. ఇన్ని చేరినది విందు భోజనమా, లేక కలగూరగంపయా యనునదే నేటి విచారణ. ఈ విచారణలో నేనును ఒక ముద్దాయినే. ఆ సంగతి తరువాత మనవి చేసెదను.

రికార్డులలో రెండు జాతులు కలవు. మొదటి జాతి స్టూడియో యను నిశ్శబ్దపు గదిలో తయారగునది. అచ్చట వీణవారు సోమవారమున, మృదంగమువారు గురువారమున వచ్చి వాయించి పోయినను, యంత్రసహాయమున రెంటిని అతికి ఒక్క పాటగా చేయవచ్చును. తప్పు వచ్చినచోట ఆ ముక్కను తీసివేసి మంచి ముక్కను చేర్చవచ్చును. రెండవ జాతి సభలో పట్టినది. ఇందులో వాద్యకారులు ఒకరి ముఖము నొకరు చూచుకొనుచు వాయింతురు. చప్పట్లు పడును, శభాషులు పడును, ఒకడు దగ్గిన ఆ దగ్గును పడును. పుస్తకములో హరికథ చదువుకొనుటకును, పందిటిలో కూర్చుండి దాసుగారి గజ్జెల చప్పుడు వినుటకును ఎంత భేదమున్నదో, ఈ రెండు జాతులకును అంత భేదము కలదు. సభలో పట్టినదానికిని తరువాత కొన్ని మెఱుగులు దిద్దుట లేకపోలేదు. అయినను ఎదుట జనమున్నప్పుడు మనిషికి కలుగు ఉత్సాహము కత్తిరింపుతో రాదు, అతుకుతో రాదు.

ఇక ఆ బృందము. దాని పేరు ‘శక్తి’. దానిని నెలకొల్పినవారిలో ముఖ్యుడు జాన్ మెక్‌లాఫ్లిన్. ఆయన 1942లో ఇంగ్లండులోని యార్క్‌షైరు ప్రాంతమున డాన్‌కాస్టరు అను పట్టణమున జన్మించెను. జాజు అను సంగీతమున గిటారు వాయించి పేరు పొందెను. జాజు అమెరికాలోని నీగ్రో జనులు పెంచిన సంగీతము. దానికిని మన మనోధర్మ సంగీతమునకును ఒక పోలిక కలదు. రాసిపెట్టినది కొంతయే, మిగిలినది వాయించువాని బుద్ధిలోనుండి ఆ క్షణమున పుట్టవలెను. ఈయనకు మన సంగీతముపై మక్కువ కలిగి, అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయమున ఎస్. రామనాథన్‌గారి కడ వీణ నేర్చుకొనెను. పేరుపడిన పిదప శిష్యుడై చాపమీద కూర్చుండుట ఎంత కష్టమో పెద్దలైన మీరు ఎఱుగుదురు.

అల్లారఖాగారి కుమారుడు జాకీర్ హుస్సేన్ తబలాతోను, ఎల్. శంకర్ వయొలినుతోను, వినాయక్‌రామ్ ఘటముతోను, రాఘవన్ మృదంగముతోను ఆయనను కలిసిరి. 1975 జూలై 5వ తేదీన అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి సౌతాంప్టన్ కళాశాలలో వీరు చేసిన కచేరిని పట్టి మఱునాటి యేట రికార్డుగా వెలువరించిరి. అనగా ఈ బృందపు మొదటి రికార్డే సభలో పట్టినది. అందులో ఉన్నవి మూడే అంశములు. చివరిది ఇంచుమించు అరగంట సాగును. దాని పేరే ఒక భజన పల్లవియంత పొడవు.

ఆ గిటారును గుఱించి ఒక మాట చెప్పక ముందునకు పోలేను. గిటారుకు వీణవలెనే మెట్లుండును గాని, మెట్టుకును మెట్టుకును నడుమనున్న చెక్క వ్రేలికి అడ్డు తగులును. తీగను లోనికి నొక్కి గమకము పలికించుటకు వీలుండదు. మెక్‌లాఫ్లిన్ ఆ నడిమి చెక్కను దొన్నెవలె తొలిపించెను. పలుకు తీగలకు అడ్డముగా, గిటారు పొట్టమీద, మఱికొన్ని తీగలను ఏటవాలుగా కట్టించెను. మన వీణకు ప్రక్కనుండు తాళపు తీగలవలె అవి శ్రుతిని నిలుపును. వాద్యము ఆయన దేశముదే. తొలిపించినది మాత్రము మన గమకము.

ఆ బృందము 1978 ప్రాంతమున చెదరిపోయెను. సుమారు ఇరువదియేండ్లకు, 1997లో, ‘రిమెంబర్ శక్తి’ యను పేర మరల కూడెను. మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్ నిలిచియుండగా, వినాయక్‌రామ్ స్థానమున ఆయన కుమారుడు సెల్వగణేశ్ కంజీరతో వచ్చెను. వయొలిను ఉండవలసినచోట మాండొలినుతో మన ఉప్పలపు శ్రీనివాస్ కూర్చుండెను. నేను చెప్పబోవు రికార్డు ఈ రెండవ బృందముది. 2000 డిసెంబరులో బొంబాయిలో జరిగిన కచేరినుండి పట్టి 2001లో వెలువరించిరి. ‘బొంబాయిలో శనివారపు రాత్రి’ యని దాని పేరునకు అర్థము. ఆ నగరపు పేరు 1995లోనే ముంబయిగా మాఱినది. రికార్డు అట్టమీద మాత్రము పాత పేరే నిలిచినది. నా నోటికిని ఆ పాత పేరే వచ్చును.

ఇప్పుడు నా ముద్దాయితనము.

శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో జన్మించెను. క్షీరారామలింగేశ్వరుని గోపురము చూచినవారికి ఆ ఊరు చెప్పనక్కఱలేదు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టు వాయించువారు. ఇంటనున్న మాండొలినును పిల్లవాడు తీసి తనంతతాను మీటుట చూచి, తండ్రి ఆ బాలుని తన గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారికి అప్పగించెను. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులు. ఆయనకు మాండొలిను వాయించుట రాదు. గురువు నోటితో పాడును. పిల్లవాడు విన్నదానిని తీగపై వెదకికొనును. ఆ వాద్యమునకు మన సంగీతమున వెనుకటి బాణి యేదియు లేదు. చేతిని ఇట్లు ఉంచుమని చెప్పువాడు లేడు. గాత్రమే ఆ చేతికి బాణియైనది.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున ఆ బాలుడు మొదటి కచేరి చేసెను. వయస్సు తొమ్మిదేండ్లు. నేను ఆనాడు గుడివాడకు నాలుగు కోసుల దూరముననున్న పల్లెలో ఉపాధ్యాయుడను. సంగీతము కొంత విన్నవాడను, విన్నదానికంటె ఎక్కువ గర్వించినవాడను. నా మిత్రుడొకడు, వ్యవసాయదారుడు, సైకిలు తీసికొని మా యింటికి వచ్చి, “మేష్టారూ, రండి, పాలకొల్లు పిల్లవాడట, మాండొలినుమీద కీర్తనలు వాయించునట” అని పిలిచెను. నేను అరుగుమీదనుండి లేవలేదు. “సినిమా పాటల వెనుక మ్రోయు వాద్యముమీద త్యాగయ్యగారి కీర్తనయా? ఆరాధనకు అది అపచారము” అంటిని. ఆయన ఒక్కడే వెళ్లెను.

నా మాటలో తర్కము లేకపోలేదు. మాండొలిను ఇటలీ దేశపు వాద్యము. జంట జంటగా తీగలుండి, మీటినంతనే కణకణమని మ్రోగి ఆ నాదము వెంటనే ఆఱిపోవును. మన రాగమునకు నాదము నిలువవలెను, వంగవలెను, ఊగవలెను. కణకణలాడు చోట తోడి యెట్లు పలుకును? శ్రీనివాస్ దీనికి సమాధానము మాటలతో చెప్పలేదు. జంట తీగలను విడిచి ఐదు ఒంటి తీగలు కట్టెను. విద్యుత్తుతో నాదమును నిలిపెను. తీగను లాగి గమకము పలికించెను. 1981లో మదరాసులో వాయించి పెద్దలను మెప్పించెను. 1983లో బెర్లిను నగరపు జాజు ఉత్సవమున అరగంట వాయించుటకు పోయి, శ్రోతలు విడువనందున మఱి గంటసేపు వాయించెను. ఇవి యన్నియు నేను పత్రికలలో చదివితిని. చదివియు, “కానిమ్ము, ఎప్పుడో ఒకప్పుడు వినవచ్చును” అని ఊరకుంటిని.

నా ఆక్షేపణకు ఇంకొక సమాధానమును ఉండెను. అది నా యింటిలోనే ఉండెను గాని నేను చూడలేదు. మా తండ్రిగారు ద్వారం వేంకటస్వామినాయుడుగారి వాయులీనమనిన చెవి కోసికొందురు. వాయులీనము ఎవరిది? యూరపుది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని తెల్లవారి కడ నేర్చి మన సంగీతమునకు తెచ్చెనని మనమందఱము చదివినదే. నా తండ్రి నాటికి అది విజయనగరపు సంగీత కళాశాలలో ఆచార్యపీఠ మెక్కినది. దాని వయస్సు నూఱేండ్లు దాటినది గనుక నాకు పరదేశి కాలేదు. మాండొలిను నా కన్నులయెదుట వచ్చినది గనుక పరదేశియైనది.

బొంబాయి రికార్డును వినిన కొలదియు ఆ వేదికమీద ఎవరెవరు కూర్చుండిరో లెక్కవేసికొంటిని. సంతూరు కాశ్మీరమున సూఫీల పాటలకు తోడుగా ఉండినది. తొంబదికి పైగా తీగలుండును. రెండు తేలికైన కఱ్ఱలతో వానిపై తట్టుదురు. జమ్మూవాసియైన శివకుమార్ శర్మ దానిని శాస్త్రీయ సంగీతమునకు తెచ్చి, 1955లో బొంబాయిలోనే మొదటి కచేరి చేసెను. ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు జాఱలేని వాద్యముపై రాగమెట్లు పాడెదవని విమర్శకులు ఆయనను నిలదీసిరి. నేను అరుగుమీద కూర్చుండి అడిగిన ప్రశ్నయే. కంజీర మన భజనమందిరములది. ఉడుము తోలు, పనస చెక్క, ఒక జత బిళ్లలు. పుదుక్కోట మాన్‌పూండియాపిళ్ళెగారు దానిని కచేరి వేదికకు ఎక్కించువఱకు అది భజనగోష్ఠిలోనే ఉండినది. ఘటము కుమ్మరివాని కుండ. గిటారు సంగతి ముందే చెప్పితిని. చూడగా, ఆ రాత్రి వేదికమీదనున్న వాద్యములలో సగము, ఒకనాడు ఎవరో ఒకరు గుమ్మము దగ్గఱ ఆపినవే.

ఇక రికార్డులోని సంగీతము. నాలుగు అంశములు కలవు. మొదటిదానిని, చివరిదానిని నేను అంతగా మెచ్చను. బృందమునకు తోడు శివమణి మొదలైన తాళవాద్యకారులు మఱికొందఱు చేరిరి. డోలు, తవిలు, తబలా, కంజీర ఒక్కమాఱుగా మ్రోగుచున్నప్పుడు రథోత్సవమునాటి వీథిలో నిలిచినట్లుండును. సభలోనివారికి అది పండుగయే. ఇంటిలో ఒంటరిగా వినువానికి కొంత అలసట. రెండవది శివకుమార్ శర్మగారి సంతూరు ప్రధానముగా సాగునది. అది తొందరలేని సంగీతము. మన పొలములలో తెల్లవాఱుజామున మంచు విడునట్లు రాగము మెల్లగా విడివడును. ఓపికగల పెద్దలు దీనిని రాత్రి భోజనానంతరము వినవలెను.

మూడవది త్యాగరాజస్వామివారి ‘గిరిరాజసుతా తనయ’ యను విఘ్నేశ్వర కృతి. బంగాళ రాగము, అది శంకరాభరణ జన్యము, ధైవతము లేనిది. రచన సంస్కృత సమాసములతో నడచును. అట్టమీద పేరు అచ్చువేసినవారు ‘సుత’ను ‘సుధ’ చేసిరి. కొండఱేని కూతురు కాస్త అమృతమైపోయినది! పార్వతీదేవికి కోపము రాదని నమ్మెదను. పాడినవారు బొంబాయిలో పెరిగిన శంకర్ మహదేవన్, మాండొలిను శ్రీనివాస్.

ఛాందసులకు ఇందులో ఆక్షేపింప దగినది కలదు. నడక వేగము. కృతిగా పాడినదానికంటె దానిని పట్టుకొని ఆడుకొన్నది ఎక్కువ. పూజ ముగియకముందే ప్రసాదము పంచినట్లు నాకు తోచినది, ఇప్పటికిని తోచును. దాచి ప్రయోజనము లేదు. కాని ఆ తొందరలో శ్రీనివాస్ వ్రేళ్లు పరుగెత్తునప్పుడు ఒకటి గమనింపుడు. ఎంత పరుగెత్తినను, ధైవతమును త్రొక్కక, రాగము గట్టు దాటక పోవును. చీకటిలో పొలముగట్టుమీద నడచు రైతునకు కాలికి కన్నుండును గదా, ఆ వ్రేలికి అట్టి కన్ను కలదు. పాడి నేర్పిన గురువు పెట్టిన కన్ను అది.

తబలాకును కంజీరకును జరుగు సంభాషణ నాకు ఎక్కువ సంతోషము కలిగించినది. హిందుస్తానీవారి తీన్‌తాలునకు పదునాఱు మాత్రలు. మన ఆదితాళమునకు ఎనిమిది అక్షరములు. గణితము చక్కగా కలియును. వారు ఒక జతిని మూడుమాఱులు చెప్పి సరిగా సమముమీద దిగుదురు. దానిని తిహాయి యందురు. మనవారు ముక్తాయింపున అదే పని చేయుదురు. ఉత్తరాదివాడును దక్షిణాదివాడును ఒకరి భాష యొకరికి రాక సంతలో కలిసినను, మూడుమాఱులు చెప్పి బేరము ముగించుట ఇరువురకును తెలియును. జాకీర్ ఒక మాట వేయగా సెల్వగణేశ్ దానిని తిరుగవేసి ఇచ్చును. అప్పుడు సభ గొల్లుమనును. ఆ గొల్లుమనుట స్టూడియోలో దొరకదు. తరువాతి మాట ఆ చప్పట్ల వేడిమీదనే పుట్టుచున్నదని వినువానికి తెలియుచుండును.

ఈ రికార్డులో నినదించు చేతులలో కొన్ని ఇప్పుడు లేవు. శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19వ తేదీన మదరాసులో నలుబదియైదవ యేట మరణించెను. శివకుమార్ శర్మ 2022 మే 10వ తేదీన, జాకీర్ హుస్సేన్ 2024 డిసెంబరు 15వ తేదీన గతించిరి. మాండొలిను లేని లోటుతోనే మిగిలినవారు మరల కూడి చేసిన రికార్డునకు 2024 ఫిబ్రవరిలో అమెరికావారి గ్రామీ బహుమానము లభించినది. జాకీర్ దానిని చూచి పోయెను.

శ్రీనివాస్ మరణవార్త చదివిన దినమున నేను అన్నము సరిగా తినలేదు. ముప్పదియాఱేండ్లలో ఆయన ఎన్ని ఊళ్ల వాయించెనో లెక్కలేదు. నేను ఒక్కమాఱు వెళ్లలేదు. ఈ రికార్డును అటుపిమ్మట మా మనుమడు తెచ్చి యిచ్చెను.

గతమాసమున, ఆనాడు సైకిలు తెచ్చిన నా మిత్రుడు మా యింటికి వచ్చెను. ఆయనకు ఎనుబదియాఱేండ్లు, కుడిచెవి వినబడదు. ఎడమచెవి ప్రక్కన యంత్రమునుంచి మూడవ అంశము వేసితిని. కన్నులు మూసికొని, తొడమీద తాళము వేయుచు వినెను. చప్పట్లు ముగిసిన పిదప, “ఆనాడు గుడివాడలో మీకు ఎట్లు కనబడెను?” అని అడిగితిని.

“కనబడుటయా, మేష్టారూ! పందిరి క్రిక్కిఱిసినది. నేను వెనుక గుంజ దగ్గఱ నిలుచుంటిని. ముందువాని తలపాగా తప్ప ఏమియు అగపడలేదు. వినుటయే.” కొంతసేపు ఊరకుండి, నన్ను ఓదార్పదలచినవానివలె, “ఇప్పుడు మీకును అంతే గదా” అనెను.

అంతే కాదని ఇద్దఱమును ఎఱుగుదుము. ఆయన రాత్రివేళ నాలుగు కోసులు సైకిలు త్రొక్కి తిరిగి వచ్చెను. నేను ఆ వేళకు నిద్రపోవుచుంటిని. నేను బదులు చెప్పలేదు. ఆయన చెవియొద్దనున్న యంత్రమును ఇంకను దగ్గఱకు జరుపుకొని, “మఱియొకమాఱు వేయుడు. ఈసారి మొదటినుండి” అనెను.

ఆ డోళ్ల సందడి నాకు నచ్చదని చెప్పలేదు. మొదటినుండియే వేసితిని.